కొక్కెం రాత

భట్టిప్రోలు రాతిపెట్టె మీద
తడికాగితం పరిచి కుంచెతో కొట్టిన చేతులివి.
మసిగుడ్డ అద్దగానే
నల్లటి నీళ్ళలోంచి పరకల్లా
అక్షరాలు తెల్లగా పైకి తేలేవి.
ముప్పయ్యొక్క ఏళ్ళు అదే పని.
చదివేవాళ్ళు వేరే,
నేను అచ్చు తీసేవాణ్ణి.
అయినా, అన్నేళ్ళు పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి
కూర రుచి తెలియకుండా పోతుందా?
కూడిక గుర్తు కనబడితే క అంటాను,
గుడిసె కప్పు కనబడితే గ.

రిటైరయ్యాక గుంటూరులో
మిర్చి యార్డు వెనక ఒక అద్దె గది.
ఏప్రిల్లో ఇక్కడ దేవుళ్ళు కూడా తుమ్ముతారు.

కమీషన్ కొట్టు గుమాస్తా వీరరాఘవులు
ఒకనాడు పిలిచాడు.
"పాత రాతలు చూస్తారటగా మాస్టారూ,
మా గోదాం గోడ చూసిపోండి.
సోమవారం సున్నం కొట్టిస్తున్నాం."

తలుపు పక్కన, మనిషి భుజమెత్తున,
గారలోకి దిగిన గీతలు.
ఇశ్రాయేలు అనే హమాలీవట.
పోయిన చలికాలం పోయాడు.
బడి గడప తొక్కనివాడు
బస్తాకి గుచ్చే ఇనప కొక్కెం మొనతో
పందొమ్మిదేళ్ళు గీశాడు.

నాలుగు నిలువులు, వాటిమీద ఏటవాలుగా ఒకటి:
అయిదు బస్తాలు. అది ఎవరైనా చెబుతారు.
సగం చందమామ: సగం కూలి.
గుమాస్తా పాత చిట్టా తెచ్చి పక్కన పెట్టాడు.
సరిపోయింది, సరిపోయింది.
రెండు చోట్ల సరిపోలేదు.
చిట్టా మూసేసి
"టీ తాగుదాం రండి" అన్నాడు.

పద్యం కోసం పుట్టలేదు రాత.
ఎక్కడో రెండేళ్ళ నడిమి దేశంలో, తడిమట్టి మీద
ఇన్ని గొర్రెలు, ఇన్ని కుంచాల యవలు.
పెట్టినవాడికి గుర్తుంటుంది,
పుచ్చుకున్నవాడు మర్చిపోతాడు గనక
పుట్టింది.

నా గుండె మాత్రం కూడిక గుర్తు దగ్గర ఆగింది.
క.
కిందనే గుడిసె కప్పు. గ.
మళ్ళీ క. మళ్ళీ మళ్ళీ క.
ఆ రాత్రి నిద్ర లేదు.
ఏ తాత వేలు పట్టుకుని ఏ మనవడి దాకా
ఏ బడీ లేకుండా నడిచొచ్చిందో ఈ లిపి అని
పిచ్చి లెక్కలు వేశాను.
శనివారం చీకటిపడ్డాక టార్చి, కుంచె, మసి పట్టుకెళ్ళి
నాలుగు తావులకి అచ్చు తీశాను.
మంచిదయింది.
సోమవారం అన్న సున్నం ఆదివారం పొద్దున్నే పడింది.

సంగడిగుంటలో రూతమ్మ
తొడిమలు తీస్తూ కూర్చుంది. చేతులు కడుక్కుని,
చీరకి తుడుచుకుని, కాగితం అందుకుంది.
"కూడికేంది సారూ,
సిలవ. ఆదివారం అది.
ఈ కప్పేమో ఇల్లు.
పిల్ల పుట్టిందని కబురందగానే
బస్తా దించి పరిగెత్తుకొచ్చాడు, ఆ రోజు."
నా క, నా గ
ఆవిడ వేలి కింద అలా రాలిపోయాయి.
సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది.

చివర్న ఒక సున్నా, దాని నడుమ చుక్క.
అయిదు చోట్ల ఉంది, అన్నీ వానాకాలంలోనే.
రూతమ్మ దాన్ని చాలాసేపు చూసింది.
"ఇది నాకు తెలీదు" అంది.
తెలియని దాన్ని
అంతసేపు ఎవరూ చూడరు.
నేను రెండోసారి అడగలేదు.

ఒక అచ్చు ఆవిడకిచ్చాను, బైబిల్లో పెట్టుకుంది.
ఒకటి నా ట్రంకుపెట్టెలో ఉంది.
గోదాం గోడ ఇప్పుడు తెల్లగా ఉంటుంది కానీ
సాయంత్రం అయిదున్నరకి ఎండ పక్కనుంచి పడితే
సున్నం కింద గీతలు లేస్తాయి,
గుమాస్తా ఆ వేళకి తలుపు మూసేస్తాడు.

అచ్చు తీసినప్పుడు
గోడనున్న కారం తడికాగితానికి పట్టినట్టుంది.
ఎప్పుడు విప్పినా తుమ్ము.
సున్నా, నడుమ చుక్క. ఇదేమిటి ఇశ్రాయేలూ అని
వంగి చూస్తానా,
తుమ్ము.
అంతవరకే చదవగలిగాను.